లేవని రెజిమెంట్

"టార్గెట్ మనిషి కాదు, ఒక పుస్తకం." ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "పదకొండు లోపు దాన్ని ఖతం చేస్తారు."

కాజీపేట చర్చి హాల్లో అమర జవాన్ల సంస్మరణ సభ. చాయ్‌వాలా వేషంలో కెటిల్‌తో తిరుగుతున్న ఏజెంట్ మహిపాల్‌కి ఒళ్లు మండింది. బల్ల మీదున్నది ఓరుగల్లు రైఫిల్స్ వార్ డైరీ. రెండు ప్రపంచ యుద్ధాల్లో ప్రాణాలిచ్చిన రెండొందల పన్నెండు మంది పేర్లు అందులో ఉన్నాయి. 'ఆర్కిడ్' అనే విదేశీ ముఠా, ఆ జవాన్లు పారిపోయారంటూ దొంగ డైరీ తయారుచేసి అమ్మకానికి పెట్టింది. అసలుది మాయమైతే అబద్ధమే చరిత్ర. ఎంత పొగరు!

"ముఠా మనిషి హాల్లోనే ఉన్నట్టు కబురు. ఎవరో తెలీదు. ముందు వరసలో మన ఏజెంట్ తేజస్వి ఉంది. ఆమె ముత్తాత ఇదే రెజిమెంట్‌లో హవల్దార్. కోడ్‌వర్డ్ 'అల్లం'."

పట్టుచీర, నల్లకళ్లద్దాలు, చూపు తిప్పుకోనివ్వని అందం. మహిపాల్ స్టీలు ట్రేలో కప్పు అందించాడు.

"అల్లం వేశావా?" అంది తేజస్వి.

"దంచి వేసిన మేడమ్."

సభ నడుపుతున్న సుందర్ రావు మాస్టారు డైరీ తెరిచి పేర్లు చదవడం మొదలుపెట్టాడు. మహిపాల్ గౌరవంగా అటెన్షన్‌లో నిలబడ్డాడు. వెంటనే ఎవరో చొక్కా పట్టి లాగారు. మరియమ్మ. తండ్రి బర్మాలో చనిపోయేనాటికి ఆమెకు ఏడాది నిండలేదు. ఇప్పుడు ఎనభై దాటాయి.

"కూసో బిడ్డా! పేర్లు సదివేటప్పుడు గీడ ఎవ్వలు లేవరు. లేచి వెనక్కి పోండ్రని రెండు యుద్ధాలల్ల ఆర్డరొచ్చింది. మనోళ్లు మోర్చ గుంతలల్లనే కూసున్నరు. పాణం పోయింది గని లేవలే. మా ఇండ్లల్ల పిల్లలకు గూడ ఎరుకే."

మహిపాల్ చటుక్కున కూర్చున్నాడు. హాలంతా కూర్చునే ఉంది. ముందు వరసలో ఒక్కరే లేచి, చేతులు జోడించి నిలబడ్డారు.

హవల్దార్ మునిమనవరాలినన్న తేజస్వి!

ముత్తాత కథ పచ్చి అబద్ధం. ఆమె బల్ల వైపు అడుగేసింది. చేతిలో పెన్ను, దాని క్యాప్ ఊడింది. మహిపాల్ ఒక్క దూకు దూకి స్టీలు ట్రే అడ్డం పెట్టాడు. చిమ్మిన యాసిడ్ ట్రే మీద బుసబుసా పొంగింది. డైరీ మీద చుక్క పడలేదు. గోడ గడియారం అప్పుడే పదకొండు కొట్టింది.

"పాత కాగితాల కోసం ఇంత రాద్ధాంతమా?" మహిపాల్ పట్టులో పెనుగులాడింది తేజస్వి.

మరియమ్మ కూర్చున్నచోటి నుంచే గర్జించింది. "మా నాయిన పారిపోలే! సదువు సారూ, ఆపకు!"

"సిపాయి శామ్యూల్," మరియమ్మ తండ్రి పేరు చదివాడు మాస్టారు.

"హాజర్!" హాలంతా ఒక్క గొంతుతో పలికింది. ఎవరూ లేవలేదు.

"రెండేళ్లు నా కళ్లకే గంతలు కట్టింది," అన్నాడు ఇయర్‌పీస్‌లో చీఫ్. "ఎలా పట్టావయ్యా?"

"మర్యాద జర ఎక్కువైంది సార్."