రెండో గడిలో టిక్కు

ఆ ఇంట్లో తెల్లవారిందంటే ముందుగా వార్నిష్ వాసన లేస్తుంది, ఆ తర్వాతే మనుషులు. ముందు గదిలో అమ్మ కాలిపోయిన మోటార్లకు కొత్తగా తీగ చుడుతుంది. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. పాత తీగ పీకి పారేసి, ఒక్క చుట్టు తేడా రాకుండా రాగి తీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఆరబెట్టిందంటే ఆ మోటారు మరో పదేళ్ళు నోరెత్తదు. ఆడమనిషి మోటార్లు బాగుచెయ్యడమేమిటని మొదట్లో మూతి విరిచినవాళ్ళంతా ఇప్పుడు ఆమె గుమ్మం ముందే నిలబడుతున్నారు.

నాన్న లెక్కల మాస్టారు. ఇరవై రెండేళ్ళుగా పరీక్ష హాళ్ళలో కాపలా కాస్తున్నాడు. చీటీ ఏ మడతలో ఉన్నా పట్టేస్తాడు, పక్కవాడు చెవి గోక్కున్నా అందులో జవాబుందేమోనని చూస్తాడు. పిల్లలు ఆయనకు డేగ మాస్టారని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసినా తెలియనట్టే ఉంటాడు కానీ, ఎవరైనా ఆ పేరెత్తితే మీసం కాస్త పైకి లేస్తుంది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, పదిహేనేళ్ళది. పసితనంలో ఒక్కచోట నిలవకుండా గిర్రున తిరుగుతుంటే బొంగరం అన్నారు, అదే స్థిరపడిపోయింది. స్క్రూడ్రైవరు కొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విని, బేరింగు పోయిందో తీగ కాలిందో చెప్పేస్తుంది. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

కానీ కాగితం మీది అక్షరాలు మాత్రం ఆ పిల్లకు లొంగలేదు. మిగతావాళ్ళు పేజీ తిప్పేసరికి దానికి ఒక్క వాక్యం అవుతుంది, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతుంది. తెలివికేమీ లోటు లేదనీ, చదివే దారి ఒక్కటే ఇరుకనీ డాక్టర్లు తేల్చారు. అందుకే ఒకటో తరగతి దాటిన దగ్గర్నుంచి తొమ్మిదేళ్ళుగా ప్రతి పాఠమూ అమ్మే చదివి వినిపిస్తోంది, చేత్తో తీగ చుడుతూ, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని.

ఆ సెలవురోజు పొద్దున బల్ల మీద ఒక ఫారం ఉంది. మర్నాడు బళ్ళో ఇచ్చెయ్యాలి. పెద్ద పరీక్ష ఎలా రాయిస్తారో తల్లిదండ్రులు టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి. మొదటి గడి, అందరితోపాటు, అందరికీ ఇచ్చే సమయంలోనే. రెండో గడి, అందరి ప్రశ్నపత్రమే, కాకపోతే పక్కన కూర్చుని ప్రశ్నలు చదివి వినిపించే రీడరు ఒకరుంటారు, సమయం సగం ఎక్కువ ఇస్తారు. మూడో గడి, వేరే పరీక్ష, తేలికది, దానికి సర్టిఫికెట్టూ వేరే. ఆ వేరే పరీక్ష నిజంగా అవసరమున్న పిల్లలకు పెద్ద ఆసరా అనీ, బొంగరానికి మాత్రం ఆ అవసరం లేదనీ బళ్ళో ఇలాంటి పిల్లల్ని చూసుకునే ప్రత్యేక టీచరు నచ్చజెప్పింది. పైగా ఆ సర్టిఫికెట్టుతో ఎలక్ట్రికల్ డిప్లొమాలో సీటివ్వరు. బొంగరం ఆ డిప్లొమా కోసం ఏడో తరగతి నుంచీ కలలు కంటోంది.

మాస్టారు వారం రోజులుగా రెండో గడి పేరెత్తితే ఒంటికాలి మీద లేస్తున్నాడు. ప్రశ్న ఇంకొకరు చదివి పెట్టడమంటే సాయం, పరీక్షలో సాయమంటే కాపీ. ఆయన లెక్క అంతే. రేపు హాల్లో ఇంకొకరి పిల్లను ఏ ముఖం పెట్టుకుని మందలించాలని ఆయన బాధ.

"మన ఇంట్లో ఫ్యాను మోటారుందా, కరెంటిచ్చినా అది తనంతట తాను కదలదండీ," అంది అమ్మ ఆ పొద్దున. "కెపాసిటరు ఒకటి పెడితే కదులుతుంది. అంతమాత్రాన తిరిగేది కెపాసిటరంటారా?"

ఆయన టీచరిచ్చిన కాగితాల కట్ట బల్ల మీదికి లాగాడు. టీచరు మూడు నమూనా ప్రశ్నపత్రాలిచ్చింది కదా, ఒకటి చదివి రాయించమన్నాడు. తను ఊరికే వింటానన్నాడు. భార్యకు అంతకన్నా ఏం కావాలి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఆయన వాళ్ళకు వీపు పెట్టి, మోకాలి మీద చిన్న కాగితం పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు.

సైన్సు పేపరు, నలభై ప్రశ్నలు. అమ్మ ప్రశ్నా, నాలుగు జవాబులూ చదవడం, బొంగరం విని ఒకదానికి టిక్కు పెట్టడం. చివర్లో దిద్దుకుంటే ముప్పై ఆరు వచ్చాయి. అమ్మ మొహం వెలిగిపోయింది. ఆమె ఫారం దగ్గరికి లాక్కోబోతుంటే మాస్టారు లేచి వచ్చి తన కాగితం బల్ల మీద పెట్టాడు. అందులో నలభై అంకెలున్నాయి. పిల్ల పెట్టిన టిక్కులకూ వాటికీ ఒక్కటంటే ఒక్క తేడా ఉంది.

"నేను ప్రశ్నలు వినలేదు, నీ గొంతు విన్నాను," అన్నాడు భార్యతో. "నాలుగింటిలో ఒకదాని దగ్గర నువ్వు రవ్వంత ఆగుతున్నావు. ఎక్కడ ఆగితే ఆ అంకె వేశాను. మూడు ప్రశ్నల్లో నువ్వే పొరబడి తప్పు జవాబు దగ్గర ఆగావు. ఆ మూడూ అదీ తప్పే పెట్టింది."

తను అలా చదువుతోందని అమ్మకు తెలియదు. ఒట్టు పెట్టమన్నా పెడుతుంది, నిజంగానే తెలియదు. ఏదో ఒక ప్రశ్న తీసి గట్టిగా చదివి చూసుకుంది. మూడో జవాబు దగ్గర గొంతు ఆగింది. ఎంత బిగబట్టుకున్నా ఆగింది. బొంగరం ఇద్దరివంకా చూసి, లేచి ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

మాస్టారు గొంతు తగ్గించి, తొమ్మిదేళ్ళుగా పిల్ల నేర్చుకున్నది పాఠం కాదనీ, తల్లి గొంతనీ అన్నాడు. పరీక్షలో రీడరు ఇలా చదవడనీ, దాన్ని తీసుకెళ్ళి నలుగురిలో ఓడించడం కన్నా మూడో గడే మేలనీ అన్నాడు. పెన్ను మూత తీశాడు. ఆయనకూ చెయ్యి ఆడడం లేదు పాపం, కానీ తనకు నిజమనిపించిన దాని నుంచి ఆ మనిషి ఎన్నడూ వెనక్కి తగ్గి ఎరగడు.

"ఇరవై రెండేళ్ళలో ఎంతమందిని పట్టుకున్నారో నాకు తెలియదు," అంది అమ్మ. "ఇవాళ మీ కూతుర్నే పట్టుకున్నారు. ఇక తృప్తేనా?"

ఆ మాట ఆయనకు ములుకులా గుచ్చుకుంది. అయినా పెన్ను కింద పెట్టలేదు. అప్పుడు గుమ్మంలో బొంగరం నిలబడి ఉంది. ఏడ్చి మొహం కడుక్కున్నట్టుంది, జుట్టు చివర్లు తడిసి ఉన్నాయి. చేతిలో రెండో నమూనా పేపరు.

"నాన్నా, ఇది నువ్వు చదువు," అంది. "అమ్మ చదివితే నాకు వచ్చో రాదో నాకే తెలియట్లేదు. నువ్వయితే చచ్చినా చెప్పవు."

ఆ మాటకు ఇంకెప్పుడైనా అయితే ముగ్గురూ నవ్వేవాళ్ళు. ఆ పిల్ల ధైర్యం చూడండి. తనకేమీ రాదని తేలిపోయే ప్రమాదముందని తెలిసీ, ఊరందరిలోకీ కఠినమైన మనిషిని ఎంచుకుని మరీ పరీక్ష పెట్టమంటోంది. అమ్మ ఇక అక్కడుండకూడదని తనే లేచి ముందు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మాస్టారు గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. మామూలుగా గంట, అదనంగా అరగంట.

హాజరు పిలిచినట్టు చదివాడాయన. ఎత్తూ లేదు, పల్లమూ లేదు. మొదటి మూడు ప్రశ్నలకూ బొంగరం కళ్ళు ఆయన మొహం మీదే వెతికాయి. అక్కడ గోడ మీద ఉన్నంత కూడా లేదు. నాలుగో ప్రశ్నకు వెతకడం మానేసి కళ్ళు మూసుకుంది.

"మళ్ళీ చదువు," అంది.

మళ్ళీ చదివాడు. ఇంకోసారి అంది. ఒక్కసారేనని నాలుక చివరిదాకా వచ్చింది కానీ, అడిగినన్నిసార్లూ చదవాలని టీచరిచ్చిన నిబంధనల కాగితంలో రాసి ఉంది. నిబంధన నిబంధనే కనుక చదివాడు.

పదిహేడో ప్రశ్న కరెంటు మీద వచ్చింది. ఆరు ఓముల రెసిస్టరూ మూడు ఓములదీ పక్కపక్కన సమాంతరంగా కలిపి, వాటి వెనక నాలుగు ఓములది తగిలిస్తే, పన్నెండు వోల్టులకు ఎంత కరెంటు పారుతుంది? మాస్టారయితే కాగితం మీద మూడు వరుసల్లో చేస్తాడు. బొంగరం నాలుగుసార్లు చదివించుకుంది. మూసిన కళ్ళ ముందు వేళ్ళతో గాలిలో తీగ లాగింది, రెండు కొనలు ముడివేసింది, ఇంకొకటి తగిలించింది. కాసేపు అలాగే ఉండి రెండు ఆంపియర్ల దగ్గర టిక్కు పెట్టింది. లెక్కల మాస్టారికి ఒళ్ళు జల్లుమంది. ఇంతమంది పిల్లలకు పాఠం చెప్పాడు, కాగితం లేకుండా సర్క్యూట్‌ను మొత్తం కళ్ళలో నిలబెట్టుకున్న పిల్లను ఇదే చూడడం. అదీ తన ఇంట్లో.

పద్దెనిమిదో ప్రశ్న చదవబోతే ఆయనకు కొత్త కష్టం వచ్చింది. సరైన జవాబు దగ్గరికి రాగానే గొంతు మెత్తబడబోయింది. ఉలిక్కిపడి సర్దుకున్నాడు. ఆ తర్వాతిదానికీ అంతే. ఆగకుండా చదవాలంటే పిల్ల మొహం చూడకూడదని తెలిసి, తల తిప్పుకుని తలుపు వంక చూస్తూ చదివాడు. ఆ తలుపవతల కూర్చున్న మనిషి తొమ్మిదేళ్ళు ఈ మొహాన్నే చూస్తూ చదివింది. ఆమె చెప్పింది జవాబు కాదు, గెలవమ్మా అని అంతే, అదే గొంతులో పడింది. దాన్ని ఆయన ఒక చిన్న కాగితం మీద అంకెలేసి పట్టుకున్నాడు.

గంట గడిచేసరికి ఇరవై ఆరో ప్రశ్నలో ఉన్నారు. ఆయన హాలైతే ఇప్పుడు బెల్లు మోగేది. ఇంకా పద్నాలుగున్నాయని ఎవరన్నా ఆయన చెవిని పడేది కాదు. ఏళ్ళ కిందట ఒక ఆడపిల్ల, వేలితో వరుసలు నొక్కిపెట్టి చదువుతూ, చదవడమింకా అవలేదు సార్ అంది. మూడు గంటలిస్తే చదవడమే అవలేదటే అని వెక్కిరించి పేపరు లాక్కుని, సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెప్పి నవ్వాడు కూడా. ఇప్పుడు ఆ పిల్ల వేలు కళ్ళ ముందు కదులుతోంది. ఇరవై ఏడో ప్రశ్న సగంలో ఆయన చదువుతున్న వరుస తప్పాడు.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదమ్మా. మళ్ళీ చదువుతాను."

ఎనభై ఆరు నిమిషాలకు పూర్తయింది. ఆయనే దిద్దాడు. రెండుసార్లు దిద్ది, మూడోసారి లెక్కపెట్టి, లేచి వెళ్ళి ముందు గది తలుపు తీశాడు. అమ్మ ఒళ్ళో సగం చుట్టిన తీగ ఉంది. ఆమె చుట్ల లెక్క తప్పింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె లెక్క తప్పడం ఆయన చూడలేదు.

"ఎన్ని?" అంది తలెత్తకుండా.

"ముప్పై ఒకటి. అన్నీ దానివే."

ఆమె తీగ పక్కన పెట్టి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆయన అక్కడే, రాగి ముక్కలూ తీగ పోగులూ పడి ఉన్న నేల మీదే, ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"నువ్వెందుకు ఆగేదానివో తెలిసింది," అన్నాడు. "నేనూ ఆగబోయాను."

మాస్టారి నోట అలాంటి మాట వినడం ఆ ఇంటికి కొత్త. ఆమె కాసేపు ఆయన్ని ఏడిపించాలనుకుని, అంతలోనే తనే ఏడ్చేసింది. బొంగరం ఫారమూ పెన్నూ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. ఆయన రెండో గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాడు. కింద అమ్మ సంతకం చేసింది. ఇకనుంచి పాఠాలు తను చదువుతాననీ, పరీక్షలు మాత్రం మీరే పెట్టాలనీ ఆమె చెబితే ఆయన బుద్ధిగా తలూపాడు.

మర్నాడు ఆయనే స్వయంగా ఫారం తీసుకెళ్ళి ప్రత్యేక టీచరు చేతికిచ్చి, వెళ్ళకుండా నిలబడ్డాడు. సొంత పిల్లలకు రీడరుగా కూర్చోనివ్వరని ఆమె ముందే చెప్పేసింది. ఆ సంగతి తనకు తెలుసనీ, ఇంకెవరి పిల్లలకైనా చదివేవాళ్ళు కావాలేమో కనుక్కుందామని ఆగాననీ అన్నాడు. పదకొండు మంది పిల్లలకు నలుగురే రీడర్లు దొరికి ఆమె తల పట్టుకుని ఉంది. అయినా డేగ మాస్టారనేసరికి వెనకాడింది.

"మీరు చదివితే పిల్లలు భయపడతారేమో మాస్టారూ."

"మొదటి మూడు ప్రశ్నలకి భయపడతారమ్మా. తర్వాత కళ్ళు మూసుకుంటారు."

పరీక్ష రోజున బొంగరం ఒక గదిలో, వాళ్ళ నాన్న వరండా అవతలి గదిలో కూర్చున్నారు. ఆయన ముందు ఎవరో తెలియని పిల్ల, ఆయన పేరు ముందే విన్నట్టుంది, కుర్చీ అంచున ముడుచుకుని కూర్చుంది. మొదటి ప్రశ్న చదివాడు. పిల్లకు అందలేదు, అడగడానికి ధైర్యమూ చాలలేదు, పెన్ను పట్టుకుని ఊరికే కాగితం వంక చూస్తోంది. ఎత్తూ పల్లమూ లేని ఆ గొంతుతోనే ఆయన, నిబంధనల్లో ఉన్న మాట ఉన్నట్టుగా చెప్పాడు.

"అడిగితే మళ్ళీ చదువుతానమ్మా. ఎన్నిసార్లైనా."