ఈ పూట ఏం కూర?

2071లో ఆరో లాక్‌డౌన్ రెండో ఏట పడింది. కాకినాడ పిల్లలంతా ఇంగ్లీషు గడగడా మాట్లాడేస్తున్నారు. బడి గేటు మాత్రం తుప్పు పట్టింది.

వకుళాదేవి టీచర్ ఏడాదిన్నరగా పాఠం చెప్పలేదు. ఆమె బదులుముఖం చెబుతోంది.

బదులుముఖం అంటే మరేం లేదు. మూడో లాక్‌డౌన్‌లో తెరల ముందు కూర్చుని కూర్చుని జనం విసిగి వేసారినప్పుడు పుట్టిన యంత్రం. ఒక్క పూటలో మన ముఖాన్నీ గొంతునూ నేర్చుకుని, మన బదులు తెర మీద కూర్చుంటుంది. ఇంగ్లీషులో తడబడదు. చట్టం దానికి ఒకే ముకుతాడు వేసింది: తనకు జరగనిది జరిగిందని చెప్పకూడదు. అందుకే సొంత సంగతులు అడిగితే రెండు సెకన్లు నవ్వి, "గుడ్ క్వశ్చన్" అని దాటేస్తుంది.

పిల్లల్ని యంత్రానికి అప్పగించానే అని వకుళకు మనసు పీకుతూనే ఉండేది. శుక్రవారం రిటైర్మెంట్. చివరి వారమైనా సొంత నోటితో చెప్పాలని, సోమవారం పొద్దున్న బదులుముఖాన్ని ఆపేసి తనే కూర్చుంది.

"గుడ్ మార్నింగ్, మేడమ్!"

తెర నిండా ఇస్త్రీ చేసినట్టున్న ముఖాలు. వకుళకు ఇంగ్లీషు గొంతులోనే ఆగిపోయింది. ఏం తోచక, మనవాళ్లు ఎవరైనా అడిగేదే అడిగింది.

"ఈ పూట ఏం కూర్రా మీ ఇళ్లల్లో?"

రెండు సెకన్లు. ఇరవై తొమ్మిది ముఖాలు ఒకేలా నవ్వాయి. "గుడ్ క్వశ్చన్, మేడమ్!"

ఓరి దేవుడా! ఇన్నాళ్లూ తనొక్కతే దొంగ అనుకుంది. యంత్రం చెబుతుంటే యంత్రాలు వింటున్నాయన్నమాట.

అప్పుడు మూలనున్న నల్లటి గడిలోంచి సన్నటి గొంతు వినిపించింది. "ఆనపకాయ పులుసండి."

"ఎవరమ్మా?"

"నూకరత్నాన్నండి. నాకు బదులుముఖం వద్దందండి మా అమ్మ. నీ నోరు నీకుండగా ఇంకోటి దేనికే అందండి. వీళ్లంత బాగా మాట్లాడలేక కెమెరా ఆపేసుకున్నానండి."

"రోజూ వస్తున్నావా?"

"ఆయ్. ఓసారి మీకు ఒంట్లో బాగుందాండీ అనడిగితే, గుడ్ క్వశ్చన్ అన్నారండి."

వకుళకు ఏడుపొచ్చేసింది. "అది నేను కాదు తల్లీ. నా బదులుముఖం. తప్పయిపోయింది. ఈ వారమంతా నీకు నేనే చెప్తాను, సరేనా?"

నల్లటి గడిలోంచి గొంతు ఇంకా సన్నగా వచ్చింది.

"టీచర్లు కూడా పెట్టేసుకోవచ్చాండి?"

వకుళ గబగబా పాఠంలోకి దిగింది. ఆ గంటసేపూ నూకరత్నం ఆనపకాయ గురించి ఇంగ్లీషులో ఆరు వాక్యాలు చెప్పింది, ఆరూ తప్పులే. అంత సంతోషం వకుళకు చాలా ఏళ్లుగా లేదు. మర్నాటి కోసం ఎదురుచూస్తూ పడుకుంది.

మంగళవారం పొద్దున్న మూలగడిలో వెలుగొచ్చింది. రెండు జడలు, రిబ్బన్లు, బొట్టు. నూకరత్నం ముఖం చూడటం అదే మొదటిసారి. ఎంత ముద్దొస్తోందో!

"గుడ్ మార్నింగ్, మేడమ్," అంది ఎక్కడా తడబడకుండా.

వకుళ తెర దగ్గరికి వంగింది. "ఈ పూట ఏం కూర తల్లీ?"

రెండు సెకన్లు. నూకరత్నం నవ్వింది.

వకుళ హాజరు పట్టీ తీసి ముప్ఫై పేర్లూ పిలిచింది. ముప్ఫై మందీ పలికారు.