పెద్దక్క ఊపిరి

డబ్బింగ్ గదిలో పగలూ రాత్రీ ఉండవు. కిటికీ ఉండదు. గోడలకు కింద నుంచి పైదాకా తివాచీ అంటించి ఉంటుంది. తలుపు మూశారంటే బయట లోకం మునిగిపోయినా లోపలున్నవాళ్ళకు తెలియదు. ఏళ్ళ తరబడి ఆ గదిలోనే గొంతు నమ్ముకుని బతుకుతోంది పిచ్చుక. అసలు పేరు వేరే ఉంది గానీ, చూడబోతే మనిషి పిడికెడు, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది, అందుకని అక్కడివాళ్ళే ఆ పేరు పెట్టారు. అది ఇంటిదాకా పాకింది. కోడలి మీద కోపం వస్తే అత్తగారు కూడా "ఏమ్మా పిచ్చుకా" అని మూతి మూడు వంకరలు తిప్పేది.

తెర మీద ఎవరో పెదాలు కదుపుతారు. ఆ పెదాలకు అతికినట్టు పిచ్చుక మైకు ముందు మాట పడేస్తుంది. అద్దానికి అవతలి గదిలో కూర్చుని సౌండాయన దాన్ని పట్టుకుంటాడు. ఇంతే పని. చెప్పడానికి రెండు ముక్కలు, చేస్తే తెలుస్తుంది.

అలాంటి రోజుల్లో ఆమెకు ఒక కామెడీ సీరియల్ తగిలింది. కథ కొత్తదేమీ కాదు. కొన్నేళ్ళ కిందట హాళ్ళు దద్దరిల్లేలా ఆడిన సినిమానే టీవీకి సాగదీస్తున్నారు. మొగుడు నోట్లో నాలుక లేనివాడు, పెళ్ళాం నోరు విప్పిందంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆ సినిమాలో జనం ఎగబడి చూసింది తిట్లను కాదు, తిట్టు ముందొచ్చే ఊపిరిని. నోరు తెరవబోయే ముందు ఆ ఇల్లాలు ఒక్క ఎగఊపిరి తీసేది. గొంతులో పిల్లికూతలతో, లోకంలో ఉన్న గాలంతా తనకే కావాలన్నట్టు, పొడుగ్గా. అది వినపడగానే హాలు గొల్లుమనేది.

తెర మీద తార ఎవరైతేనేం, గొంతు పెద్దక్కది. గొంతులు అరువిచ్చే వాళ్ళందరికీ పెద్ద దిక్కు ఆమె. ఎప్పుడూ బుగ్గన పుదీనా బిళ్ళ పెట్టుకుని ఉండేది, పలకరిస్తే తల ఊపేది. సినిమా విడుదలైన కొద్ది రోజులకే పోయింది. ఉబ్బసం. ఆ ఊపిరి నటన కాదనీ, మైకు ముందు నిజంగా ఊపిరాడక తీసిందనీ అప్పుడు గానీ ఎవరికీ తెలియలేదు. తెలిశాక మాత్రం జనం నవ్వడం మానారా? మానలేదు.

సరే, సీరియల్ మొదటి భాగం డబ్బింగ్. పిచ్చుక మాటలన్నీ చక్కగా చెప్పింది. ఊపిరి దగ్గరే పేచీ వచ్చింది. ఎన్నిసార్లు తీసినా అది పెద్దక్కది కాదు. గొంతు గీరుకుపోయింది.

"మాటలకు వంక లేదమ్మా," అన్నాడు డైరెక్టరు తల పట్టుకుని. "కానీ జనం ఆ ఊపిరి కోసమే టీవీ పెడతారు. అది లేకపోతే మనమెవరం?"

సౌండాయన కుర్చీలో ఒళ్ళు విరుచుకున్నాడు. "సినిమా ట్రాకు నా దగ్గరే ఉంది కదండీ. అందులోంచి ఊపిర్లు కోసి ఇందులో అతికిస్తా. మాట ఈవిడది, ఊపిరి ఆవిడది. చెవులున్నవాడెవడికీ తెలియదు."

ఆ పనిలో ఇది వింతేమీ కాదు. ఒకరి దగ్గు ఇంకొకరికి, ఒకరి ఏడుపు మరొకరికి అతికించడం రోజూ ఉన్నదే. పిచ్చుక ప్రాణం కుదుటపడింది. "పీల్చే పని పెద్దక్క చూసుకుంటే మాట్లాడే పని నేను చూసుకుంటాన్లే అన్నా," అంది నవ్వుతూ. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

"ఒక్కటి గుర్తుపెట్టుకో," అన్నాడు సౌండాయన. "చెవుల్లో ఆవిడ ఊపిరి వినిపిస్తుంటుంది. అప్పుడు నువ్వు పీల్చావంటే రెండు చప్పుళ్ళు పడతాయి. బిగబట్టుకో. ఆవిడది అవగానే అందుకో."

అలాగే చేసింది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే దాని మెత్తల్లోంచి సన్నగా పుదీనా వాసన వేసింది. ఎవరిదో అనుకుంది. చెవుల్లో పెద్దక్క పీల్చేది, పిచ్చుక మాట్లాడేది. మధ్యాహ్నమయ్యేసరికి ఇద్దరూ ఒక్క మనిషన్నంత ఒద్దికగా కుదిరిపోయారు. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు.

తేడా తెలిసింది బయట టీ బండి దగ్గర. చక్కెర తక్కువ వెయ్యమని చెప్పబోయి నోరు తెరిచింది. మాట రాలేదు. ఛాతీ కదల్లేదు. బిగబట్టుకునే అలవాటు పోలేదనుకుని కాసేపు నిలబడింది. చెవుల్లో, ఏ హెడ్‌ఫోనూ లేని చెవుల్లో... పొడుగ్గా, పిల్లికూతలతో ఒక ఊపిరి వినబడింది. అప్పుడొచ్చింది మాట. టీ పోసేవాడు పకపకా నవ్వాడు. "అచ్చం సినిమాలో లాగే తీశారక్కా," అన్నాడు.

ఇంటికెళ్ళాక అన్నం దగ్గర మారాం చేస్తున్న కూతుర్ని కసురుదామనుకుంటే అదే తంతు. ముందు ఆ ఎగఊపిరి, తర్వాత కసురు. అత్తగారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. పిల్ల చప్పట్లు కొట్టి "మళ్ళీ మళ్ళీ" అంది. పిచ్చుక కూడా నవ్వేసింది, ఏం చేస్తుంది మరి.

నవ్వులాట కాదని పక్క మీద వాలాక తెలిసింది. మాట్లాడకుండా ఊరికే పడుకున్నప్పుడు కూడా ఆమె ఊపిరి ఆమె తీసుకోవట్లేదు. ఛాతీ రాయిలా ఆగిపోతుంది. ఎదురుచూస్తుంది. ఎక్కడి నుంచో ఆ కూత వస్తుంది, అప్పుడు పక్కటెముకలు లేస్తాయి. మళ్ళీ ఆగుతుంది. పక్కన మొగుడు, పగలంతా బస్సు నడిపి వచ్చినవాడు, గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. అంత హాయిగా గాలి పీలుస్తున్న మనిషిని చూస్తే పిచ్చుకకు ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేయించింది. "నీ ఊపిరితిత్తులు చిన్నపిల్లవి లాగా ఉన్నాయమ్మా. భయం తప్ప ఏ రోగమూ లేదు," అని భుజం తట్టి పంపించింది.

ఇక లాభం లేదని పిచ్చుక సౌండాయన దగ్గరికే వెళ్ళింది. జరిగిందంతా చెప్పింది.

"ఆ ఊపిర్లు తీసెయ్యన్నా. నావి నేను పీల్చుకుంటాను. బాగా లేకపోతే లేకపోనీ."

"డైరెక్టరు చంపేస్తాడు నన్ను."

"ఒక్కసారి తీసి చూడు. ఆయన రాకముందే."

ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. పిచ్చుక లోపలికెళ్ళి తలుపు మూసుకుని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. తెర మీద సీరియల్ ఇల్లాలు నడుం మీద చెయ్యేసుకుని నోరు తెరిచింది. చెవుల్లో ఏమీ లేదు. మంచిది. ఇప్పుడు తను పీల్చాలి.

పీల్చలేదు.

ఛాతీ కదల్లేదు... ఇంకోసారి. లేదు. ఇల్లాలు తెర మీద తిడుతూనే ఉంది, చప్పుడు లేకుండా. పిచ్చుక చెయ్యెత్తింది. అద్దం అవతల సౌండాయన తలొంచుకుని మీటల వైపు చూస్తున్నాడు. గోడను కొట్టింది. తివాచీ చప్పుడు మింగేసింది. అరవాలంటే గాలి కావాలి... కాళ్ళు తేలిపోతున్నాయి. అద్దాన్ని రెండు చేతులా చరిచింది. ఆయన తలెత్తి చూశాడు.

చూసి నవ్వాడు.

గుడ్లు తేలేసి, నోరు తెరిచి, మెడ సాచి నిలబడ్డ మనిషిని చూసి, భలే చేస్తోందే అన్నట్టు బొటనవేలు చూపించాడు. ఆ క్షణంలో పెద్దక్క ఏం పడిందో పిచ్చుకకు పూర్తిగా అర్థమైంది. పిచ్చుక కింద పడ్డాక గానీ ఆయన పెద్దక్క ఊపిరి వినిపించే మీట తిప్పలేదు. చెవుల్లో కూత మోగింది. పక్కటెముకలు లేచాయి.

తలుపు తోసుకుని వచ్చిన సౌండాయన ఆమె గోళ్ళు చూశాడు. నీలంగా ఉన్నాయి.

"సినిమాలో ఇంకెన్ని ఉన్నాయన్నా, అలాంటివి?" అని గుసగుసగా అడిగింది పిచ్చుక.

"చాలా వరకు వాడేశాం తల్లీ."

అప్పటి నుంచి ఇద్దరూ ఆ ఊపిర్లను కళ్ళలో పెట్టుకుని కాపాడుకుంటూ వచ్చారు. కొత్త ఊపిరి వేసిన భాగం టీవీలో వచ్చిన సాయంత్రం పిచ్చుక ఛాతీ తేలికయ్యేది, పిల్లను ఎత్తుకుని మెట్లెక్కేది. వారం తిరిగేసరికి మళ్ళీ బిగుసుకునేది. ఒకసారి డైరెక్టరు చూడకుండా పాతదే మళ్ళీ అతికించి చూశాడు సౌండాయన. ఆ వారం ఆమె గిన్నె ఎత్తలేకపోయింది. ఒకసారి వాడింది మళ్ళీ పనికి రాదని తేలిపోయింది.

ఇంతలో సీరియల్ పడకేసింది. సినిమాలో ఉన్న ఊపు ఇందులో లేదన్నారు జనం. పత్రికలు ఏకి పారేశాయి. డైరెక్టరు అందర్నీ కూర్చోబెట్టి, వచ్చే భాగమే ఆఖరిదని చెప్పాడు. నటులు మొహాలు వేలాడేసుకున్నారు. పిచ్చుక ఒక్కతే లేచి వెళ్ళి ఆయన చేతులు పట్టుకుంది.

"ఆపకండి," అంది. అంతకంటే ఎక్కువ చెప్పే గాలి లేదు.

"ఊరుకోమ్మా. నీ గొంతుకేం తక్కువ, ఇంకోటి దొరుకుతుంది," అన్నాడాయన మంచిగానే. పాపం, ఆయన్ను అని ఏం లాభం. ఆపమన్నది ఛానెల్లో పైవాళ్ళు, ఆ పైవాళ్ళకు ఆపమన్నది చూడని జనం. ఎవరి కాళ్ళని పట్టుకుంటుంది?

సినిమాలో మిగిలిన ఒకే ఒక్క ఊపిరిని సౌండాయన ఆఖరి భాగం ఆఖరి సీనులో పెట్టాడు. వెళ్ళిపోతుంటే గేటుదాకా వచ్చాడు. ఆమె తల నిమిరి లోపలికి పోయాడు.

ఆఖరి భాగం వచ్చిన సాయంత్రం ఇంట్లో అందరూ టీవీ ముందే ఉన్నారు, మొగుడు తప్ప. ఆయన డ్యూటీ అవలేదు. అత్తగారు బఠానీలు ఒలుస్తోంది. పిల్ల నేల మీద బోర్లా పడుకుని బొమ్మకు రంగులేస్తోంది. పిచ్చుక సోఫా చివర కూర్చుని తెర వైపే చూస్తోంది. ఆఖరి సీను వచ్చింది. ఇల్లాలు నోరు తెరిచింది. పొడుగాటి ఊపిరి. అత్తగారు కిసుక్కున నవ్వింది. పిచ్చుక గుండెల నిండా గాలి నిండింది. ఎంత బాగుందో ఆ గాలి. దాన్ని వదలకూడదనుకుంది, వదలకుండా ఎంతసేపుంటారు ఎవరైనా.

పేర్లు పడ్డాయి. వేరే ఏదో ప్రకటన మొదలైంది. "బాగానే నవ్వించారు పాపం, ఎందుకాపేశారో," అంటూ అత్తగారు టీవీ కట్టేసి, గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి చప్పుడు మొదలైంది.

పిచ్చుక ఊపిరి వదిలింది.

తర్వాతది రాలేదు.

ఎదురుచూసింది. చెవులు రిక్కించింది. కుళాయి చప్పుడు. వీధిలో సైకిలు బెల్లు. ఇంకేమీ లేదు... అత్తగారిని పిలవాలి. పిలవలేదు. లేవాలి. లేవలేకపోయింది. కళ్ళ ముందు నల్లటి చుక్కలు తేలాయి. కళ్ళు కూతురి మీదే నిలిపింది. చూసేది ఇదే ఆఖరైతే పిల్లనే చూద్దామనుకుంది.

పిల్ల తలెత్తి అమ్మను చూసింది. తర్వాత చిన్న నోరు బార్లా తెరిచి, పొడుగ్గా, గొంతులో పిల్లికూతలతో ఒక ఎగఊపిరి తీసింది. అచ్చం అదే.

పిచ్చుక పక్కటెముకలు లేచాయి. గాలి లోపలికొచ్చింది.

"వద్దు తల్లీ, అలా..." అంది. అక్కడికే అయిపోయింది.

"ఏంటమ్మా? వినపడలేదు," అంటూ పిల్ల ఇంకొకటి తీసింది. ఈసారి తీశాక కొంచెం దగ్గింది. పెదాలు పాలిపోయాయి. నవ్వుతూనే ఉంది.

పిచ్చుక ఆ గాలిని వృథా చెయ్యలేదు. "ఎవరు నేర్పారు?" అని అడిగింది.

పిల్ల, అమ్మ పక్కన సోఫాలో ఖాళీగా ఉన్న చోటు వైపు ఒకసారి చూసి, సిగ్గుపడినట్టు తల దించుకుంది. "నా దగ్గర ఇంకా బోలెడున్నాయటమ్మా," అంది. "నేను పెద్దయ్యేదాకా సరిపడా ఉన్నాయట. నీకు కావాలంటే ఇవ్వొచ్చట."

అక్కడ మెత్త ఎవరో కూర్చున్నట్టు కిందికి నొక్కుకుపోయి కంటి చివర కనిపించింది. అటు తిరిగి చూసే ధైర్యం పిచ్చుకకు లేదు. ఛాతీ మళ్ళీ ఆగిపోయింది. వంటింట్లో కుళాయి ఇంకా కట్టలేదు. చుక్కలు మళ్ళీ తేలుతున్నాయి, ఈసారి పెద్దగా.

"ఇంకోటి తియ్యనా అమ్మా?"

తల అడ్డంగా ఊపాలి. అంతే కదా చెయ్యాల్సింది. దానికి గాలి కూడా అక్కర్లేదు. పిల్ల పెదాల రంగు కనిపిస్తూనే ఉంది. ఏ తల్లికైనా ఆ మాత్రం తెలుస్తుంది. పిచ్చుకకూ తెలుసు.

తల నిలువుగానే ఊగింది.

పిల్ల సంబరంగా రంగు పెన్సిలు కింద పెట్టి, నోరు తెరిచింది.