మన గుడ్డతో కుట్టిన కోటు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: గోడవార కాపలా కూర్చునే మారియమ్మవ్వ, నెత్తుటి రోడ్డు మీద గస్తీ తిరిగే కుర్రాళ్ళు, మూలన నక్కి అందర్నీ గమనించే ఏజెంట్ నందిత. ఇంకొకామె కూడా ఉంది. ఆమె సంగతి ఇంట్లోవాళ్ళకు తెలియదు.

ఇల్లంటే మురుంగపాక్కంలో ఏడో క్లాసు చదివే కయల్విళి గొంతు. వీళ్ళంతా ఆ పిల్ల ఒంట్లో కాపలా కణాలు. కంటికి కనపడనంత చిన్నవాళ్ళయినా మాటలు మాత్రం మురుంగపాక్కం మాటలే.

హెడ్‌క్వార్టర్స్ దవడ కింద ఉంది. అక్కడి నుంచి నందితకు ఆర్డర్ వచ్చింది. "గొంతులో విదేశీ ముఠా దిగింది. పేరు స్ట్రెప్టోకాకస్. ముఖం తెలియదు. వాళ్ళు నెత్తుటి రోడ్డెక్కితే పిల్ల దక్కదు. రుజువు తీసుకురా."

ఆ ముఠా నాయకురాలు ప్రీతి. నిగనిగలాడే కోటు వేసుకుని, ఎవరికీ భయపడకుండా నడిచి వస్తోంది. కోటు గుడ్డ అచ్చం ఈ ఇంటి గుడ్డే. గస్తీ కుర్రాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు.

"ఎవరవ్వా ఆమె?" నందిత గొంతు తగ్గించి అడిగింది.

"ఎవురో మనోళ్ళ పిల్లే. గుడ్డ చూస్తే తెలీడంలా?"

"గుడ్డ కాదు. ఆమె వెనక గోడ చూడు."

మారియమ్మ చూసింది. ఆమెకు ముఖాలు గుర్తుండవు. ఇల్లు పాడవుతుంటే మాత్రం వాసనతోనే పసిగడుతుంది. ప్రీతి ఆనుకున్న చోటల్లా గోడ పెళ్ళలుగా రాలుతోంది.

"ఏందిమే! యాడ నుంచి వచ్చినావు నువ్వు?"

"మీ ఇంటి ఆడబిడ్డనే అవ్వా," ప్రీతి నవ్వింది. "కావాలంటే కోటు పట్టి చూడు."

మారియమ్మ పట్టుకుంది. చెయ్యి జారింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ జారింది. అంతలో ప్రీతి వెనక అలాంటి కోట్లే గుంపుగా లేచాయి. అవ్వ ఇక పట్టుకోవాలని చూడలేదు. ఒళ్ళంతా వేసి మీద పడింది. ఒక కోటు అంచు చినిగింది. ప్రీతి విషం చిమ్మింది.

"ఇల్లు కాలుతోంది!" అని అరిచింది మారియమ్మ. అది కోడ్. నష్టం కళ్ళారా చూసినవాళ్ళే దాన్ని పలకాలి.

కుర్రాళ్ళు ఉరికి వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే చచ్చారు. మారియమ్మ కూలిపోతూ, చినిగిన కోటు కింద నుంచి తుంచిన ముక్కను నందిత అరచేతిలో అదిమింది.

"తీసకపో పాపా. నా మాట గూడా చెప్పు. ఉత్త ముక్క చూపిస్తే నమ్మరు వాళ్ళు."

బయట కయల్విళి అమ్మ కనకం టార్చి వేసి చూస్తోంది. "అయ్యో, తెల్లగా చీము పట్టిందే! ఒళ్ళు కాల్తా ఉండాది." ఆ చీమంతా గస్తీ కుర్రాళ్ళ శవాలేనని ఆమెకేం తెలుసు?

నందిత కాలువల్లో పడి హెడ్‌క్వార్టర్స్ చేరింది. హాలు నిండా ట్రైనింగ్ అయినవాళ్ళు. ఒక్కొక్కడికి ఒకే ఒక్క శత్రువు ముఖం తెలుసు; ఆ ముఖం ఇలాంటి ముక్కలోనే కనపడుతుంది. ఆమె అరచెయ్యి చాచి అందరికీ చూపించుకుంటూ పోయింది. "నాది కాదు." "నాది కాదక్కా." "పక్కనోణ్ణి అడుగు."

చివర్లో ముకుందన్. పుట్టినప్పట్నుంచి ఒక్క కేసూ చూడనివాడు. "ఒరే ముకుందా, లేయ్, నీకు పెళ్ళిచూపులు!" అని ఎవడో ఎగతాళి చేశాడు. ముకుందన్ ఆ ముక్కను తాకి చూశాడు. హాల్లో నవ్వులు ఆగిపోయాయి.

"ఇది నా కేసే," అన్నాడు. కానీ కదల్లేదు. "కోడ్ చెప్పక్కా. ఉత్త ముఖం చూసి, శత్రువనుకోని మన ఇంటి కీళ్ళనే కాల్చిన కథలు ఉండాయి. ఎవురు చూసినారు దీన్ని?"

"ఇల్లు కాలుతోంది. మారియమ్మవ్వ చూసింది. చెప్పి పోయింది."

ముకుందన్ లేచాడు. ఒక్కడు ఇద్దరయ్యాడు, ఇద్దరు వందలయ్యారు. అతని మాట మీద హాలు పక్కనున్న అంబుజం కార్ఖానా తలుపులు తెరుచుకున్నాయి. ఆ ముక్క కొలతకు సరిగ్గా సరిపోయే కొక్కేలు అక్కడ తయారవుతాయి. పని రోజుల తరబడి సాగింది. దవడ కింద బిళ్ళ కట్టింది. కనకం తాను పనిచేసే సేదరపేట్ కంపెనీకి సెలవు చెప్పింది. "రేపటికి తగ్గకపోతే ఆస్పత్రికి పోదాం, కణ్ణూ," అంటూ ఉప్పునీళ్ళు పుక్కిలించమంది.

మర్నాడు పొద్దుటికి ప్రీతి ఒక కాలు నెత్తుటి రోడ్డు మీద పెట్టేసింది.

అప్పుడే కొక్కేలు వానలా పడ్డాయి. ప్రతి కోటుకీ పదేసి తగులుకున్నాయి. మారియమ్మ చెల్లెళ్ళు వాటిని పట్టి లాగారు. ఈసారి చెయ్యి జారలేదు.

"ముట్టొద్దు! ఇది మీ గుడ్డే!" ప్రీతి కేక పెట్టింది.

"గుడ్డ మాదే," అంది ఒక ముసలామె, నోరు తెరుస్తూ. "కొక్కెం గూడా మాదే."

కయల్విళి నుదురు చల్లబడింది. గొంతుకు తిరిగి వెళ్ళి, అవ్వ కూర్చున్న చోట కూర్చోవాలని నందిత హెడ్‌క్వార్టర్స్ గుమ్మం దగ్గరికి వచ్చింది. అక్కడ ముకుందన్ నిలబడి ఉన్నాడు. అతని వెనక అతనిలాంటివాళ్ళే వరసగా ఉన్నారు. అందరి కళ్ళూ ఆమె అరచేతి మీదే. ముక్క ఇంకా అక్కడే అంటుకుని ఉంది. గీకినా రావడంలేదు.

"ఏంది ఆర్డరు?" నందిత అడిగింది.

"ఈ ముఖం ఎవురి దగ్గర కనపడినా ముగించాలంట."

"నీకు ఆ ముఖం చూపించిందే నేను కదా, తమ్ముడూ."

"తెలుసక్కా. శానా బాగా చూపించినావు."

తనవాళ్ళను లోపలికి పంపి, ఆర్డరు ముగించడానికి ముకుందన్ ఒక్కడే నందిత వెంట గడప దాటి, మెల్లగా తలుపు మూశాడు.