రానివాడి వంతు

సెలవు రోజు మధ్యాహ్నం. వడ్రంగి షాపు షట్టరు నేల దాకా దించేసి ఉంది. బయట వాన తెరిపి ఇవ్వకుండా కురుస్తోంది. లోపల రంపపు పొట్టు వాసన, వార్నిష్ వాసన, వాటి మధ్య వేడి వేడి టీ వాసన. షాపు నడిమధ్య పెద్ద చెక్కబల్ల. దాని మీద సుద్దముక్కతో గీసిన కొండలూ గుహలూ, వేలెడంత చెక్కబొమ్మలూ, రకరకాల పాచికలూ.

ఈ ఆట ఎరగనివాళ్ళకు ముందు నాలుగు ముక్కలు చెప్పాలి. ఇందులో ఒకళ్ళ మీద ఒకళ్ళు గెలవడం ఉండదు. ఒకరు కథ చెప్తారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక వీరుడు. "తలుపు తన్నుతున్నా" అని ఆటగాడు అంటాడు. తలుపు విరిగిందా, కాలు విరిగిందా అన్నది పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే పంట పండినట్టు, ఒకటి పడితే కొంప మునిగినట్టు. ఎవరి వంతు వాళ్ళది. పక్కవాడి వంతు అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. అలా ఒక్కో కథ ఏళ్ళ తరబడి సాగుతుంది. వీళ్ళ కథ మొదలైనప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు.

ఆరోజు దానికి ఆఖరి ఘట్టం.

కథ చెప్పేది వదిన. షాపు కూడా ఆమెదే. ఆడేవాళ్ళు ఇద్దరు. ఒకడు బస్సు డ్రైవరు, కథలో మంత్రగాడు. రెండో మనిషి వదినకు ఆడపడుచు, ఆసుపత్రిలో నర్సు. కథలోనూ గాయాలకు కట్లు కట్టే వైద్యురాలే.

"అక్కడా అదే, ఇక్కడా అదే. నీకు విసుగు పుట్టదా చెల్లెమ్మా?" అన్నాడు డ్రైవరు, టీ ఊదుకుంటూ.

"నువ్వు మాత్రం? రోజంతా బస్సు తోలి, ఇక్కడికొచ్చి ఎగిరే పడవ తోలట్లేదూ?"

"పడవలో చిల్లర అడిగేవాళ్ళుండరు తల్లీ."

ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. అది నర్సు వాళ్ళ అన్నయ్యది, అంటే వదిన భర్తది. కథలో ఆయన గొడ్డలి వీరుడు.

ఈ బల్ల దగ్గర ఒక అలవాటు ఉంది. ఆట మొదలయ్యే ముందు వదిన "రానివాళ్ళెవరు?" అని అడుగుతుంది. రానివాడి పాచికను పక్కన కూర్చున్నవాళ్ళు వేస్తారు. ఎవరికి జ్వరమొచ్చినా కథ ఆగిపోకూడదని పెట్టుకున్న ఏర్పాటు అది. అన్నయ్య ఇదే షాపులో, రంపం మిషను కింద పడి చనిపోయాడు. ఆ తర్వాత మొదటిసారి కూర్చున్నప్పుడు వదిన అలవాటు కొద్దీ అడిగింది. నర్సు అలవాటు కొద్దీ "అన్నయ్య" అంది. ఆ మాటను సరిదిద్దడానికి ఎవరికీ నోరు రాలేదు. అప్పటినుంచి ప్రతి ఆటకూ అదే ప్రశ్న, అదే జవాబు. ఆయన పోయినవాడు కాలేదు... రానివాడిగానే ఉండిపోయాడు.

"రానివాళ్ళెవరు?" ఆరోజూ అడిగింది వదిన.

"అన్నయ్య."

వదిన సుద్దముక్క పక్కన పెట్టింది. "అమ్మాయీ, ముందే చెప్తున్నా. ఇవాళ ఆయన్ని సాగనంపేద్దాం. గొడ్డలి వీరుడు పరువుగా పోతాడు. ఇంక నావల్ల కాదు."

నర్సు గొడ్డలి వీరుడి చెక్కబొమ్మను తన వైపు జరుపుకుంది. దారి పొడుగునా ఆమె అనుకుంటూ వచ్చింది ఒకటే మాట. ఆ బొమ్మను పడనివ్వకూడదు. బొమ్మ నిలబడి ఉన్నంతకాలం అన్నయ్య ఏదో పని మీద ఆలస్యమైనట్టే. పడిందా, ఇక లేనట్టే.

యుద్ధం మొదలైంది. వదిన చెప్తుంటే బొమ్మలు బొమ్మల్లా ఉండవు. శత్రువు బూడిదరాజు సైన్యం పుట్టలోంచి చీమల్లా గుహలోంచి వచ్చిపడింది. మంత్రగాడి నిప్పుకు ఒకడి ముఖం మైనంలా కరిగి ఛాతీ మీదికి జారింది. గొడ్డలి ఒకడి భుజంలో దిగబడి ఎముకలో ఇరుక్కుంటే, వీరుడు వాడి కడుపు మీద కాలు పెట్టి తన్ని లాగాడు. నేల రక్తంతో జారుతోంది. ప్రతి దెబ్బకూ నర్సు తన పాచిక వేసింది, తర్వాత అన్నయ్యది వేసింది. అన్నీ పెద్ద అంకెలే.

చివరికి రాతి తలుపు దగ్గరికి చేరారు. ఎవరో ఒకరు దాన్ని భుజంతో ఆపాలి, మిగతావాళ్ళు బయటపడాలి. ఆపినవాడు మళ్ళీ రాడు.

"గొడ్డలి వీరుడు ఆపుతాడు," అంది వదిన.

"నేను ఆపుతా," అంది నర్సు.

"నువ్వు ఆపలేవు. నీ బలం చాలదు."

"అన్నయ్య వంతు నేను వేస్తున్నా కదా? ఆయన ఆపనంటున్నాడు."

"ఎన్నాళ్ళు మోస్తావే ఆయన్ని?" వదిన అరిచింది. "చచ్చిపోయాడే! నా చేతుల్తో ముక్కలు ఏరుకున్నాను నేను!"

"చచ్చిపోలేదు. రాలేదంతే."

డ్రైవరు తల దించుకుని టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"అయితే రమ్మను," అంది వదిన. కోపంలో వచ్చిన మాట. "ఆఖరి పాచిక ఆయనే వచ్చి వేసుకోమను. పిలు!"

నర్సు ఖాళీ కుర్చీ వైపు తిరిగింది.

"అన్నయ్యా... రా. నీ వంతు."

కరెంటు పోయింది.

షట్టరు దించిన షాపులో పగలైనా రాత్రయినా ఒకటే. కన్ను పొడుచుకున్నా కనపడదు. వాన చప్పుడు ఎక్కడో దూరానికి వెళ్ళిపోయినట్టయింది. ముందు వాసన వచ్చింది... అప్పుడే కోసిన చెక్క వాసన. దాని వెనక ఇంకోటి. నర్సుకు బాగా తెలిసిన వాసన. తడి ఇనుము లాంటిది.

ఖాళీ కుర్చీ నేల మీద రాసుకుంటూ వెనక్కి జరిగింది.

బల్ల మీద పాచిక దొర్లింది. టకటకమని... నెమ్మదిగా... ఆగింది.

"ఎవరు వేశారు?" డ్రైవరు గుసగుసలాడాడు.

నర్సు ఫోను వెలిగించింది. చిన్న వెలుగు పాచిక మీద పడింది.

ఒకటి.

"ఇది... ఇది ఇవాళ్టి పాచిక కాదు," అంది వదిన. "ఆయన పోయినరోజు బాకీపడ్డది."

ఆరోజు సంగతి ముగ్గురికీ ఒక్కసారే గుర్తొచ్చింది. అన్నయ్య ఆడిన ఆఖరి ఆట. బూడిదరాజు గొడ్డలి వీరుడి కళ్ళలోకి బూడిద ఊదాడు. ఆ బూడిద పడ్డవాడికి సొంత మనుషులు రాక్షసుల్లా కనపడతారు. విదిలించుకోవాలంటే పాచిక వేయాలి. "ఒక్క చెక్క కోసేసి వచ్చి వేస్తా" అని అన్నయ్య మిషను దగ్గరికి లేచాడు. తిరిగి రాలేదు. తర్వాత నర్సు ఆ పాచిక వేయనేలేదు. కళ్ళు బాగైపోయినట్టే ఆయన వీరుణ్ణి నడిపించేసింది. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆయన వేశాడు. ఒకటి పడింది. బూడిద కళ్ళు వదల్లేదు.

గోడ మీద చెక్క చెక్కే బాడిస వేలాడే మేకు కిర్రుమంది.

"వెలుగు ఆర్పు," అన్నాడు డ్రైవరు. "ఆర్పు చెల్లె..."

బాడిస బల్ల మీద దిగింది. బల్లకూ బాడిసకూ మధ్య డ్రైవరు చెయ్యి ఉంది. నరికిన గొడ్డులా అరిచాడు. వేళ్ళు పాచికల మధ్య చెల్లాచెదురుగా పడ్డాయి. వెచ్చటి చుక్కలు నర్సు ముఖం మీద చిందాయి. ఫోను ఆమె చేతిలోంచి జారి ఆరిపోయింది.

ఆ తర్వాత... నిశ్శబ్దం.

రెండో దెబ్బ పడలేదు. చీకట్లో ఎవరో బరువుగా ఊపిరి పీలుస్తున్నారు. ఆగి ఉన్నారు.

"చూస్తున్నాడు," వదిన గొణిగింది. "మన వంతు కోసం ఆగాడు."

డ్రైవరు చెయ్యి కడుపులో దాచుకుని షట్టరు వైపు పరుగెత్తాడు. ఒంటి చేత్తో లాగాడు. అది జానెడు కూడా లేవలేదు. అక్కడే కూలబడి ఏడుస్తున్నాడు. అతని వంతు అయిపోయింది.

ఇక నర్సుది.

"కళ్ళు కడుగుతున్నా అన్నయ్యా," అంది. "నేనే... చూడు, నేనే." పాచిక వేసింది. రక్తంలో దొర్లి ఆగింది. వేలితో తడిమింది. చిన్న అంకె. చాలలేదు.

అడుగులు షట్టరు వైపు కదిలాయి. ఒకటే దెబ్బ. చెక్క చీలిన చప్పుడు కాదది. డ్రైవరు మోకాలు.

మళ్ళీ నిశ్శబ్దం. మళ్ళీ ఆ ఊపిరి.

"నేనేం చేయను..." డ్రైవరు మూలిగాడు. "నా వంతు వదిలేస్తున్నా... ఏం చేయను..."

వదిన చెయ్యి చీకట్లో వెతుక్కుంటూ వచ్చి నర్సు మణికట్టు పట్టుకుంది. మంచులా ఉంది. "తర్వాతి దెబ్బ మెడ మీదే. నీ వైద్యురాలి దగ్గర కత్తి ఉంది. చెప్పు."

"చెప్పలేను వదినా."

"నేను చెప్తే చెల్లదే. నేను కథ చెప్పేదాన్ని. నువ్వే అనాలి."

ఊపిరి దగ్గరికి వచ్చింది. ఆ ఊపిరిలో టీ వాసన ఉంది.

నర్సు కళ్ళు గట్టిగా మూసుకుంది. "పొడుస్తున్నా అన్నయ్యా," అంది. "పక్కటెముకల కింద. పైకి. గుండె దాకా." పాచిక వదిలింది. అది ఆగకముందే ఆమె గుప్పిటకు ఏదో తగిలింది. మెత్తగా... లోపలికి దారి ఇచ్చింది. వెచ్చగా మోచేతి దాకా కారింది. ఒక పెద్ద ఒళ్ళు ఆమె మీద వాలి, జారి, పొట్టులో ధబ్బున పడింది. ఊపిరి రెండుసార్లు గురగురమంది.

ఆగిపోయింది.

కరెంటు వచ్చింది. నేల మీద బాడిస ఉంది. రక్తంలో పొర్లుతున్న డ్రైవరు ఉన్నాడు. ఇంకెవరూ లేరు. బల్ల మీద గొడ్డలి వీరుడి బొమ్మ బోర్లా పడి ఉంది. వదిన దాన్ని గుండెకు అదుముకుని, ఇన్నేళ్ళ ఏడుపూ అప్పుడు ఏడ్చింది.

అంబులెన్సులో నర్సు డ్రైవరు తొడకు కట్టు బిగించి పట్టుకుంది. ఆమె మనసు విచిత్రంగా తేలికగా ఉంది. అయిపోయింది. అన్నయ్య ఇక లేడు. ఆ మాట మొదటిసారి తనలో తాను అనుకోగలిగింది.

ఆమె పనిచేసే ఆసుపత్రే. డ్రైవరును లోపలికి తీసుకుపోయారు. ఆమె చేతులు కడుక్కుంటుంటే డ్యూటీలో ఉన్న చిన్న నర్సు పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, మీకు మీవాళ్ళు ఫోన్ చేశారా? అరగంటగా ఒకాయన మీకోసం చూస్తున్నాడు. తనే నడుచుకుంటూ వచ్చాడు. పక్కటెముకల కింద ఇంత లోతున పొడిచారు. కుట్లు వేద్దామంటే వేయనివ్వడు."

నర్సు పంపు కట్టేయడం మర్చిపోయింది.

"ఎవరు పొడిచారని అడిగితే నవ్వుతాడు అక్కా. మా చెల్లెలేలెండి, దానిది అయిపోయింది, ఇప్పుడు నా వంతు అంటాడు."

గది చివర మంచం చుట్టూ తెర దించి ఉంది. లోపలినుంచి ఎవరో దాన్ని మెల్లగా పక్కకు లాగుతున్నారు.