కాటా మీద పొడిగుడ్డ

కాన్పుల గదిలో నా పని చెప్పుకోడానికి చాలా చిన్నది. నెత్తురుతో తడిసిన గుడ్డలు కాటా మీద వేయాలి, పొడిగా ఉన్నప్పటి బరువు తీసేయాలి, మిగిలింది రిజిస్టర్లో రాయాలి. గ్రాముకో మిల్లీలీటరు నెత్తురు. ఐదొందలు దాటితే డాక్టరమ్మని పిలవాలి. అంతే.

ఈ లెక్క నాకు నేర్పింది అక్క. తోడబుట్టింది కాదు, మా హెడ్ నర్సు. చేరిన రోజు నుంచీ తన డబ్బాలోంచి నాకింత అన్నం పెట్టందే తను తినేది కాదు. కాటా జోలికి మాత్రం వెళ్ళేది కాదు.

"ముప్పై ఏళ్ళుగా కాన్పులు చూస్తున్న కన్ను ఇది! దీనికి కాటా ఎందుకే, పిచ్చిమొహమా?" అని నవ్వేది.

పోయిన నెల ఒక పిల్లకి తొలికాన్పు. గుడ్డలు నేనే తూచాను. పన్నెండొందలు! పరుగెత్తుకెళ్ళి చెప్పాను. అక్క ఆ గుడ్డల వంక ఒక్క చూపు చూసి, ఫోన్లో డాక్టరమ్మకి, "మూడొందలే. మామూలే," అనేసింది.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "చలేస్తోందక్కా... మూడొందలే అన్నారుగా, నాకేం కాదుగా?"

గంటలో ప్రాణం పోయింది.

విచారణలో అక్క నా మొహం చూడలేదు. "తూచడం ఈ అమ్మాయి పనండీ. తూచకుండానే రాసేసింది," అంది. రిజిస్టర్లో నేను రాసిన కాగితం మాయం. కొత్త కాగితంలో మూడొందలు, కింద నేను పెట్టని నా సంతకం. అన్నం పెట్టిన చేత్తోనే గొంతు కోసింది. ఇంత నమ్మకద్రోహమా! రేపటి నుంచి పనిలోకి రావద్దన్నారు నన్ను.

ఆ ఆఖరి రోజు మిట్టమధ్యాహ్నం గదిలో కాన్పులేం లేవు. అక్కా నేనూ మాత్రమే ఉన్నాం. ఉతికొచ్చిన గుడ్డలు మడతపెడుతూ అలవాటు కొద్దీ ఒకటి కాటా మీద వేశాను. ఇరవై గ్రాములు చూపించాలి.

నూట పది చూపించింది.

గుడ్డ ఎత్తి చూశాను. తెల్లగా ఉంది, పొడిగా ఉంది. కానీ పచ్చినెత్తురు వాసన... మళ్ళీ వేశాను. రెండొందలు... మూడొందల నలభై...

"అక్కా, ఇటు చూడు."

"పాడైపోయుంటుంది. అవతల పారెయ్."

అక్క గొంతు పీలగా వచ్చింది. తిరిగి చూశాను. మంచం అంచు పట్టుకుని నిలబడి ఉంది. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి.

"చలేస్తోందే..."

ఎనిమిదొందలు... వెయ్యి...

ఒంటి మీద గాయం లేదు. నేల మీద చుక్క లేదు. అక్క కిందికి జారిపోయి నా చెయ్యి పట్టుకుంది. "డాక్టరమ్మని పిలవ్వే... నీకు దణ్ణం పెడతా..."

కోపం ఎటు పోయిందో! ఎంతైనా నాకు అన్నం పెట్టిన మనిషి. రెండో చేత్తో ఫోను అందుకున్నాను. "డాక్టరమ్మా, అక్క పడిపోయింది! నెత్తురు పోతోంది!"

"ఎంత పోయింది?"

కాటా వంక చూశాను. పన్నెండొందలు. అక్కడ ఆగింది. చెబుదామని నోరు తెరిచాను.

"మూడొందలే. మామూలే."

మాట నా నోట్లోంచే వచ్చింది. గొంతు నాది కాదు, ఆ పిల్లది.

అవతల ఫోను పెట్టేశారు. మళ్ళీ చెయ్యబోయాను... వేళ్ళు కదల్లేదు. అక్క చెయ్యి నా చేతిలో చల్లబడుతోంది.

ఫోనున్న చేతిని కూడా ఎవరో పట్టుకుని ఉన్నారు. అదీ చల్లగానే ఉంది.