చివరి మలుపులో బ్రేకు

"స్టీమింగ్ ఎక్కడ బిడ్డా?" అంటూ శివమ్మ ఆవిరి గిన్నె, పసుపు పొట్లం, జిందా తిలిస్మాత్ సీసా పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ గేమింగ్ పార్లర్ మెట్లెక్కింది.

మనవరాలు వర్ష పొద్దున ఫోన్‌లో చెప్పింది "స్ట్రీమింగ్" అని. పెద్దావిడ చెవికి చేరేసరికి అది జలుబైంది. సర్దిచెప్పే తీరిక అక్కడెవరికీ లేదు. పిల్లల ఆసుపత్రి కోసం వర్ష విరాళాలు పోగుచేసే పన్నెండు గంటల వీడియోగేమ్ మారథాన్ ఆఖరి రేసుకు వచ్చింది. శ్రీకర్ ఆమెకు కుర్చీ వేసి, హెడ్‌ఫోన్ మళ్లీ తగిలించుకున్నాడు.

శ్రీకర్‌ది ఎల్బీనగర్. అమ్మానాన్నలు గుడివాడ నుంచి వచ్చి స్థిరపడ్డారు. వర్షది మీర్‌పేట్. పేరులో వాన, మాటలో ఉరుము. ఆరు నెలలుగా శ్రీకర్ గొడుగు లేకుండా తిరుగుతున్నాడు. ఇవాళ రేసు గెలిచి, మనసులో మాట చెప్పేయాలని పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

పక్క కుర్చీలో ఉన్న వర్ష తండ్రి ధనరాజ్ తుర్కయంజాల్‌లో ప్లాట్లు అమ్ముతాడు. ఈ కథకు ప్లాట్ ఇచ్చిందీ ఆయనే. "ఆఖరి రేసు మన టీమ్ గెలిస్తే దవాఖానల పిల్లలకు ఆటల గది కట్టిస్త" అని కెమెరా ముందే మాటిచ్చాడు.

చివరి మలుపు. శ్రీకర్ కారు ముందుంది. వెనకాల తెర మీద 'లింగస్వామి' అనే పేరుతో ఇంకో కారు. గెలుపు గీతకు బెత్తెడు దూరంలో శ్రీకర్ బ్రేకేశాడు. లింగస్వామి రయ్యిన దూసుకుపోయాడు.

"బ్రేకెందుకేసినవ్?" వర్ష గొంతు తగ్గించి ఉరిమింది.

"వేయాలనిపించింది."

"దీనికోసం నెల దినాలు తిరిగిన శ్రీకర్. గా లింగస్వామి ఎవరో, ఆయన కోసం పిల్లల గది పోగొట్టినవ్."

శ్రీకర్ గోడ మీది కాగితం చూపించాడు. ఎర్ర సిరాతో వర్ష రాసిన నియమం: ఆసుపత్రి వార్డు నుంచి ఆడేవాళ్ల సంగతి, ఇంటివాళ్లు ఒప్పుకోనిదే ఎవరికీ చెప్పరాదు. వార్డుతో మాట్లాడే హెడ్‌ఫోన్ శ్రీకర్ ఒక్కడిదే.

ఆమె ఇంకా కాగితం చూస్తుండగానే పార్లర్ స్పీకర్‌లో ఫోన్ మోగింది.

"వార్డుల నుంచి లింగస్వామిని బిడ్డా. ఫోన్ నాది, ఆట నా మనవరాలిది. అందరికి చెప్పుండ్రి, పర్వాలేదు. సూదికి తీస్కపోయే ముందు ఒక్కపారి గెలవాలని గా బాబుతోని అన్నది. ఇప్పుడు నవ్వుకుంట సూదికి పోతున్నది. కానీ బ్రేకేసిండని దానికి సమజైంది. రేపు సక్కగ ఆడమంటున్నది. అట్ల గూడ ఓడగొడతదంట."

ధనరాజ్ గొంతు సవరించుకున్నాడు. "వార్డు పిల్లలు మన టీమ్ కాదా ఏంది? గది కట్టిస్త."

వర్ష శ్రీకర్ వైపు తిరిగింది. "నాకొక్కదానికన్న చెప్పొద్దా?"

"రూల్ నీదే కదా. నీకు చెప్పాల్సింది ఇంకోటుంది."

"చెప్పు మరి."

"నువ్వంటే నాకు చాలా ఇష్టం వర్షా. పన్నెండు గంటలు పక్కన కూర్చున్నా సరిపోలేదు."

"నాకు గూడ సరిపోలే" అని వర్ష ముక్కు తుడుచుకుంది.

"సూసిండ్రా, జలుబే" అని శివమ్మ గిన్నె మూత తీసింది.

"నానమ్మగారూ, స్టీమ్ కాదండీ, స్ట్రీమ్" అన్నాడు శ్రీకర్. "ఇక్కడి మాటలన్నీ ఆ కెమెరాలోంచి ఊరంతా వింటోంది."

"ఇప్పుడు మీరన్నయి గూడనా?"

"అవి కూడా."

శివమ్మ కొంగు సర్దుకుని కెమెరాకు ఎదురుగా కూర్చుంది. "అయితే అందరు ఇనుండ్రి. పిలగాడు మాకు నచ్చిండు. ధనరాజూ, నువ్వు గూడ ఇను."